అరవై ఎనిమిదో ఎత్తు

డయాలసిస్ గదిలో ఆరు కుర్చీలు, ఆరు మిషన్లు. అక్కడ పదకొండేళ్ళుగా పనిచేస్తున్న టెక్నీషియన్ని పేషెంట్లు చాటుగా అరగంటమ్మ అనుకునేవారు. ప్రతి అరగంటకీ వచ్చి, బీపీ చూసి, మిషను మీది అంకెలు కాగితంలో రాసుకుని వెళ్ళేది కనక ఆ పేరు. ఆ సంగతి ఆమెకీ తెలుసు, పట్టించుకునేది కాదు. గోడగడియారం ఆగిపోయినా ఈవిణ్ణి బట్టి టైము చెప్పచ్చని నాలుగో కుర్చీలో కూర్చునే కుట్టుపని ఆవిడ వేళాకోళం చేసేది.

మూడో కుర్చీలోకి కొత్తగా వచ్చినాయన బస్సు డ్రైవరు. ముప్ఫై రెండేళ్ళు సిటీ బస్సు నడిపి, రిటైరైన ఏడాదికే కిడ్నీలు పాడుచేసుకున్నాడు. వారానికి మూడుసార్లు, వచ్చినప్పుడల్లా నాలుగు గంటలు కూర్చోవాలి. ఆయన రెండున్నర గంటలు దాటితే ఒక్క నిమిషం ఉండేవాడు కాదు. ఇంక చాలు, తీసెయ్యమనేవాడు. అలా మధ్యలో లేచిపోతే బాధ్యత తనదేనని ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. ఆ కాగితం వస్తూనే అడిగి తీసుకుని చొక్కా జేబులో పెట్టుకునేవాడు. బయట బెంచీ మీద కూర్చున్న భార్య తలుపు సందులోంచి బతిమాలేది. ఆయన అటు తల తిప్పేవాడు కాదు.

ఒంట్లో నీరు పూర్తిగా పోక కాళ్ళు ఉబ్బేవి. మూడో అంతస్తులో ఉన్న ఇంటికి మెట్లెక్కడానికి మధ్యలో నాలుగుసార్లు ఆగాల్సి వచ్చేది. ఒక ఆదివారం ఊపిరాడకపోతే అంబులెన్సులో తీసుకొచ్చారు. డాక్టరు చెప్పాల్సిందంతా చెప్పాడు. అరగంటమ్మ మెత్తగా చెప్పి చూసింది, గట్టిగా చెప్పి చూసింది. చివరికి ఇది ఒట్టి మొండితనమని తేల్చుకుని చెప్పడం మానేసింది.

ఒక బుధవారం ఆమె బీపీ చూడటానికి వెళ్ళేసరికి ఆయన పేపరు నాలుగు మడతలు పెట్టి ఒంటిచేత్తో పట్టుకుని తనలో తనే గొణుక్కుంటున్నాడు. ఏమిటని అడిగింది. చదరంగం. ప్రపంచంలో మొదటి పదిమంది గ్రాండ్‌మాస్టర్లు ఆడుతున్న టోర్నమెంటులో ఒక ఆట ఎత్తులన్నీ వరసగా వేశారు. నల్లపావుల వాడు ఒక బంటు తక్కువతో గంటలకొద్దీ ఈడ్చుకొచ్చి, చివరికి తనంతట తనే ఏనుగుని మార్పిడికి పెట్టాడు. ఏనుగులు పోయాక తెల్లవాడికి రాజు, ఒక బంటు మిగిలాయి. నల్లవాడికి ఒంటరి రాజు. అరవై ఎనిమిదో ఎత్తులో ఆ రాజు తిన్నగా ఒక గడి వెనక్కి వెళ్ళాడు. అంతటితో ఇద్దరూ చేతులు కలిపి డ్రా అనుకున్నారు.

"అక్కడినుంచి డ్రా తేలికే అని పేపరువాడు రాశాడమ్మాయ్. ఎవరికి తేలిక?" అన్నాడు.

బంటు నడుచుకుంటూ పోయి మంత్రి అవుతుంది గదా, ఒంటరి రాజు దాన్ని ఎలా ఆపుతాడన్నది ఆయన ప్రశ్న. డిపోలో ముప్ఫై ఏళ్ళు ఆడాడు గానీ, అక్కడ ఏ ఆటా ఇంతదాకా వచ్చేది కాదట. ఎవరిదో ఒకరిది బండి టైమయ్యేది, పావులు డబ్బాలో పోసేసి లేచిపోయేవారు.

చిన్నప్పుడు అన్నయ్య నేర్పిన చదరంగం అరగంటమ్మకి కొంచెం గుర్తుంది. ఇంట్లో అయస్కాంతం పావుల బోర్డు కూడా ఎక్కడో ఉండాలి. శుక్రవారం తెస్తానంది.

తెచ్చింది. భోజనం పెట్టుకునే చక్రాల బల్లని కుర్చీ మీదికి జరిపి బోర్డు పరిచింది. సూదులు ఎడమచేతికి ఉంటాయి, ఆ చెయ్యి కదపకూడదు. కుడిచేత్తో ఆయనే పావులు పేర్చాడు. మొదటి ఎత్తునుంచీ చూసుకుంటూ వద్దామన్నాడు. ఆమె వచ్చినప్పుడల్లా బీపీ పట్టీ గాలి నిండి వదిలేలోపు రెండు మూడు ఎత్తులు నడిచేవి. వెళ్తూ వెళ్తూ ఆమె ఏదో ఒక ప్రశ్న వదిలిపెట్టేది. గుర్రాన్ని ఎందుకు ఊరికే ఇచ్చేశాడు? రాజుని అంత త్వరగా మూలకి ఎందుకు దాచాడు? మిగతా కుర్చీలు చూసుకుని మళ్ళీ అరగంటకి వచ్చేసరికి ఆయన దగ్గర జవాబుండేది. ఒక్కోసారి రెండు జవాబులుండేవి, రెండూ తప్పయ్యేవి. ఫోనులో కంప్యూటరు ఏమంటోందో చూద్దామని ఆమె ఒకసారి అంటే కసురుకున్నాడు.

ఆ రోజు రెండున్నర గంటలు దాటి నలభై నిమిషాలైనా జేబులో కాగితం బయటికి రాలేదు. అరగంటమ్మ చూసీ చూడనట్టు ఊరుకుంది.

మూడో వారం మొదట్లో, మూడు గంటలు నిండబోతుండగా ఆయన చేతిలో ఉన్న శకటు పావు కిందపడింది. ఆమె గది అటు చివరినుంచి తిరిగి చూస్తే ఆయన కుర్చీ అంచు పట్టుకుని బిగుసుకుపోయి ఉన్నాడు. పిక్క పట్టేసింది. పరుగున వచ్చి మిషను నీరు లాగడం ఆపేసి, సెలైను వదిలి, అరికాలిని రెండు చేతులతో ఒంటి బలమంతా పెట్టి పైకి నొక్కింది. పదినిమిషాలకి గాని కండ వదల్లేదు. ఆయన చొక్కా చెమటతో తడిసిపోయింది. మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

తర్వాత తనే చెప్పాడు. వచ్చిన మొదటి నెలలో ఒకసారి ఇలాగే, ఇదే టైములో పట్టేసిందట. ఆ రోజు డ్యూటీలో వేరే ఆవిడుంది. గదిలో అందరి ముందూ గట్టిగా ఏడ్చేశాడు. తలుపు దగ్గర భార్య కూడా చూసింది.

"మూడు గంటలు కావస్తోందంటే భయమేస్తుందమ్మాయ్. మళ్ళీ వీళ్ళందరి ముందూ అలా అయిపోతానేమోనని, దానికంటే ముందే దిగిపోతాను."

అరగంటమ్మకి తల కొట్టేసినట్టయింది. గ్రాండ్‌మాస్టరు గుర్రాన్ని ఎందుకిచ్చాడో మూడురోజులు తర్కించింది. ఈ మనిషి ఎందుకు లేచిపోతున్నాడో మాత్రం ఒక్కసారీ అడగలేదు.

స్టూలు లాక్కుని కూర్చుని విడమరిచి చెప్పింది. ముందే లేచిపోతే నీరు ఒంట్లో మిగిలిపోతుంది. తర్వాతిసారి ఆ మిగిలినదీ కొత్తదీ కలిపి తక్కువ టైములో లాగాల్సి వస్తుంది. అంత జోరుగా లాగితేనే కండలు పట్టేస్తాయి.

"నాలుగు గంటలు ఇస్తే నెమ్మదిగా లాగుతాను బాబాయ్. కాలు జివ్వుమందంటే నాకు చెప్పండి, ఆ క్షణమే ఆపేస్తాను. దానికి సంతకాలు అక్కర్లేదు."

ఆయన ఆలోచించి, మూడో గంటలో మాత్రం అరగంటదాకా ఆగకుండా మధ్యలో కూడా వచ్చి చూస్తావా అని అడిగాడు. ఆ వారమంతా ఆమె మూడో గంటలో పదినిమిషాలకోసారి వచ్చింది. ఇక పేరు మార్చాల్సిందేనని కుట్టుపని ఆవిడ అంది. డాక్టరు కూడా ఒప్పుకుని నీరు లాగే వేగం తగ్గించాడు. ఇంటిదగ్గర తాగే నీళ్ళు భార్య కొలిచి ఇవ్వడం మొదలుపెట్టింది. కాలు మరొకసారి కొంచెం జివ్వుమంది గాని పట్టెయ్యలేదు.

ఆట చివరికి వచ్చారు. బోర్డు మీద మూడే పావులు. తెల్ల బంటు ఇంకో రెండు గళ్ళు నడిస్తే మంత్రి అవుతుంది. దాని వెనక తెల్లరాజు. బంటుకి ఎదురుగా నల్లరాజు, ఎత్తు అతనిది. వెనక్కి వెళ్ళక తప్పదు. వెళ్ళడానికి మూడు గళ్ళున్నాయి: తిన్నగా ఒకటి, అటూ ఇటూ ఒక్కొక్కటి. గ్రాండ్‌మాస్టరు తిన్నగా వెళ్ళాడు.

మూడూ ఒకే వరస గదా, తేడా ఏముంటుందన్నాడు డ్రైవరు. అలా అని నల్లరాజుని ఎడమ గడిలో పెట్టాడు. అరగంటమ్మ బంటుని మంత్రి చేసింది. కుడి గడిలో పెట్టాడు. మళ్ళీ చేసింది. తిన్నగా వెనక్కి పెడితే మాత్రం ఎంత తన్నుకున్నా ఆమెకి కుదరలేదు. ఇద్దరికీ అర్థం కాలేదు. ఆ ప్రశ్న అక్కడే వదిలి రెండు రోజులు ఇళ్ళకి పోయారు. బస్సులో ఇంటికి వెళ్తూ కూడా ఆమె అదే ఆలోచించి, దిగాల్సిన స్టాపు దాటిపోయింది.

శుక్రవారం ఆయన కుర్చీలో కూర్చుంటూనే, సూదులు గుచ్చకముందే బోర్డు అడిగాడు. మొహం వెలిగిపోతోంది.

"ఇరుకు వంతెన మీద రెండు బస్సులు ఎదురుపడ్డాయనుకో. రెండూ ఆగిపోయాయి. ముందు కదిలినవాడే దారి ఇవ్వాల్సొస్తుంది. వీళ్ళిద్దరూ అంతే. రాజులు ఎదురెదురుగా నిలబడ్డప్పుడు ఎత్తు ఎవరిదైతే వాడికే చేటు."

చూపించాడు. నల్లరాజు పక్కకి వెళ్తే తెల్లరాజు వచ్చి ఎదురుగా నిలబడతాడు, ఎత్తు నల్లవాడిది, తప్పుకోవాలి. అదే తిన్నగా వెనక్కి వెళ్తే, తెల్లరాజు ఏ వైపు పైకి వచ్చినా నల్లరాజు అదే వైపు జరిగి ఎదురుగా నిలబడతాడు. ఈసారి ఎత్తు తెల్లవాడిది. బంటుని తోస్తే నల్లరాజు దాని ముందుకి వచ్చి అడ్డం నిలబడతాడు. ఇక తెల్లవాడు ఆ బంటుని వదిలేసుకోవాలి, లేదా నల్లరాజుకి కదిలే చోటే లేకుండా చేసి డ్రా ఇచ్చుకోవాలి. అరగంటమ్మ ఐదుసార్లు తెల్లపావులతో ఆడి ఐదుసార్లూ గెలవలేక డ్రాతోనే సరిపెట్టుకుంది. ఏనుగులు మార్చుకునే ముందే ఆ గ్రాండ్‌మాస్టరుకి ఈ ఆఖరి గడి కనిపించి ఉంటుందని అప్పుడు ఇద్దరికీ తట్టింది. ఆరు ఎత్తుల ముందు. ఐదో మిషను కూత పెడితే గాని ఆమె కదల్లేదు.

ఆ రాత్రే ఆయన పేపరుకి ఉత్తరం రాశాడు. డ్రా తేలికే అని ఒక్క ముక్కలో తేల్చెయ్యకుండా, ఎలా తేలికో కూడా రాయమని. జవాబు రాలేదు. ఆయన దానికి పెద్దగా నొచ్చుకోనూ లేదు. అప్పటికే ఆ టోర్నమెంటులో ఇంకో ఆట కత్తిరించి పెట్టుకున్నాడు.

రెండు నెలలు గడిచాయి. ఒంట్లో అదనంగా ఉన్న నీరు దాదాపు నాలుగు కిలోలు తగ్గింది. డాక్టరు చెప్పులు వదిలించి కాళ్ళు నొక్కి చూశాడు. గుంట పడలేదు, వాపు పోయింది. మెట్లు ఎక్కేటప్పుడు ఇప్పుడు ఒక్కచోటే ఆగుతున్నాడని, అదీ తన కోసమేనని బయట బెంచీ మీదినుంచి భార్య చెప్పింది. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. ఇన్నాళ్ళూ ఆయన వెనకే నిలబడిపోయి తన నొప్పి సంగతి ఎత్తలేదట.

కుట్టుపని ఆవిడ ఒకరోజు మెడ చాచి, ఇన్ని వారాలుగా మీ వాదన వినీ వినీ చెవులు దిబ్బళ్ళేస్తున్నాయి, అదేదో నాకూ నేర్పచ్చు గదా అంది. డ్రైవరు ఆవిడ కుర్చీవైపు బల్ల జరపమని అరగంటమ్మని అడిగాడు. డబ్బా తెరిచి బోర్డు మీద ఇద్దరు రాజుల్నీ ఒక బంటునీ పెట్టాడు.

"మిగతావేవి?" అందావిడ.

"అవి తర్వాత. ముందు వీళ్ళతో పరిచయం చేసుకో చెల్లెమ్మా."

ఆవిడ కుడిచెయ్యి చాచి, వేలితో మెల్లగా బంటుని ఒక గడి ముందుకి జరిపింది.