చివరి అడుగు

విశాఖపట్నం మీద బాంబులు పడిన ఏడు, నకరికల్లు పక్క పల్లెలో ఇన్నయ్యకు తన ఎద్దుతోనే యుద్ధం వచ్చిపడింది.

ఎద్దు పేరు మైలోడు. దూడగా ఉన్నప్పటి నుంచీ ఇన్నయ్య చేతులమీద పెరిగినవాడే. బావి నీళ్ళు తోడే కపిల తోలేటప్పుడు జోడెద్దులు వాలు దిగుతుంటే, బరువు కలిసొస్తుందని ఇన్నయ్య బానను లాగే మోకు మీద కూర్చునేవాడు. తోలుబాన బావి గట్టు దాకా వచ్చేది. ఇంకొక్క అడుగేస్తే నీళ్ళు కాలవలో పడతాయి. సరిగ్గా అక్కడ మైలోడు ఆగిపోయేవాడు. పక్కనున్న ఎర్రోడు పాపం ఏం చేస్తాడు, వాడూ ఆగేవాడు. ఇన్నయ్య తిట్టుకుంటూ మోకు దిగి రెండంగలు వేసేసరికి, మైలోడు ఏమీ ఎరగనట్టు ఆ అడుగు వేసేవాడు. ఈలోగా పాత బానలోంచి సగం నీళ్ళు బావిలోకే కారిపోయేవి. ఏడాదిగా రోజుకు పదిసార్లు ఇదే తంతు. మిరపతోట చూస్తే వాడిపోతోంది. అది పోతే ఏడాదంతా పస్తులే.

భార్య సుందరి పోయి ఏడాది. అప్పటి నుంచి ఇన్నయ్య మొహాన నవ్వు లేదు, ఓపిక అంతకన్నా లేదు. మైలోణ్ణి పనిదొంగ అని తేల్చేసి, పశువుల బేరగాడు జాన్ సాహెబుకు కబురంపాడు.

సాహెబు ఎద్దును కట్టి తోలుకుపోను భుజాన కొత్త పలుపుతో వచ్చాడు. పశువును అమ్మినవాడు తన పలుపు ఇవ్వడు కదా. మోకు మీద తనే కూర్చుని పది బానలు తోడాడు. మైలోడు ఒక్కసారంటే ఒక్కసారి ఆగలేదు.

"ఏందిరా ఇన్నయ్యా, బంగారం లాంటి ఎద్దుకు వంక పెడతన్నావు?"

"నీ ముందు నటిస్తంది మామా. చూడు," అని ఇన్నయ్య రోషంగా మోకెక్కాడు.

బాన గట్టుకొచ్చింది. మైలోడు ఆగాడు. మెడ తిప్పి, ఒక చెవి నిక్కించి, ఇన్నయ్య మొహంలోకే చూస్తూ నిలబడ్డాడు.

సాహెబు పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఇది పనిదొంగ కాదురా. నిన్ను ఆటపట్టిస్తంది. ఎవురు నేర్పారు దీనికి?"

నేర్పింది ఇన్నయ్యే. మైలోడు దూడగా ఉన్నప్పుడు పచ్చగడ్డి చూపించి నాలుగడుగులు నడిపించి, మూతికి అందబోయేసరికి చటుక్కున వెనక్కి లాక్కునేవాడు. దూడ తెల్లమొహం వేసేది. సుందరి పగలబడి నవ్వేది, తనూ నవ్వేవాడు, నవ్వాక గడ్డి పెట్టేవాడు. సుందరి పోయాక గడ్డి గాడిలో విసిరేసి పోవడమే.

ఆరేళ్ళ కిందటి ఆట. నోరులేని జీవం దాన్ని కడుపులో దాచుకుని, ఇప్పుడు తన వంతు ఆడుతోంది. అందబోయే నీళ్ళను చూపించి ఆపేసి, ఇన్నయ్య నవ్వుతాడేమోనని వెనక్కి తిరిగి చూస్తోంది. రోజుకు పదిసార్లు, ఏడాదిగా! చర్చిలో మోకరించినప్పుడు కూడా తానింత చిన్నవాడినని ఇన్నయ్యకు అనిపించలేదు.

"ఒరేయ్ మైలా..." అన్నాడు. ముందు ఏడుపొచ్చింది, దాని వెనకే నవ్వొచ్చింది. ఏడాదిగా వాడక మూలపడ్డ నవ్వు బావిలో మారుమోగింది.

మైలోడు అడుగేశాడు. నీళ్ళు భళ్ళున కాలవలో పడ్డాయి.

జాన్ సాహెబు తన పలుపు తాను భుజాన వేసుకుని, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.