సీరు డిక్కీలో ఉంది

డిక్కీ స్విచ్చు నొక్కాను. చప్పుడు లేదు. మళ్లీ నొక్కాను. వెనక నుంచి రావలసిన 'టక్' రాలేదు. ఆ స్విచ్చు కొన్నాళ్లుగా నన్ను సతాయిస్తూనే ఉంది. అయినా నాలుగైదుసార్లు నొక్కితే ఎప్పుడో ఒకసారి పలికేది. ఆ ఉదయం, కోయంబత్తూరు నుంచి అంత దూరం వచ్చి పెళ్లి పందిరి ముందు బండి ఆపాక, పూర్తిగా మూగబోయింది.

డిక్కీలో సీరు ఉంది. మా వాళ్లలో పెళ్లికూతురు మేనమామ తెచ్చిన పట్టుచీర కట్టుకుని, మేనమామ వేసిన మాలతో, అతని చెయ్యి పట్టుకుని పీటల మీదికి రావాలి. ఆ చీర, మాల, పళ్లు, చందనం గిన్నె, ఇత్తడి పళ్లేలు అన్నీ కలిపి సీరు అంటాం. పెళ్లికూతురు లక్ష్మిప్రియ నా చెల్లెలు కాంతమ్మాళ్ కూతురు. పీలమేడులో కాలేజీ చదివినన్నాళ్లూ మా ఇంట్లోనే ఉంది. నా భార్య మాలిని దానికి జడ వేసి, టిఫిన్ డబ్బా చేతికిచ్చి పంపేది. మాలిని పోయి రెండేళ్లయింది. ఆ పిల్లను చెయ్యి పట్టి పీటల దాకా నడిపించడం తప్ప ఆ ఇంట్లో నాకు కావలసింది ఇంకేమీ లేదు.

అది నాకు దక్కకూడదన్నదే ఆ ఇంటి యజమాని, నా చెల్లెలి భర్త రాఘవేంద్రన్ పట్టుదల.

"ఏమి, తెరుచుకోలేదా?" అన్నాడు పందిరి గుంజకు ఆనుకుని. "లోపల ఏమన్నా పెట్టి ఉంటే కదా తెరుచుకునేది."

పందిట్లో కొందరు నవ్వారు.

"స్విచ్చు పాడైంది మాప్పిళ్ళ," అన్నాను, చెల్లెలి భర్తను మేం పిలిచే మాటతో. "కొత్తది నా దగ్గరే ఉండాది. కొంచెం నేరం ఇస్తే మార్చేస్తాను, ఎక్కువ టైము పట్టదు."

"నేరం ఇచ్చేకి నేనెవరు? మేళం వాళ్లు పిళ్ళైయార్ గుడికి పోయి ఉండారు. వాళ్లు తిరిగొచ్చి ఈ గేటు దాటేలోపల సీరు లోపలికి రావాల. రాలేదంటే ఇళంగో చీర ఇస్తాడు. అతనూ దానికి మామ వరసే. పెండ్లాంతో వచ్చి ఉండాడు, జంటగా."

'జంటగా' అన్న మాటను కావాలనే ఒత్తి పలికాడు. ఇళంగో మా చిన్నాన్న కొడుకు. పాపం, తల ఎత్తకుండా అరటి ఆకులు తుడుస్తున్నాడు. తుడిచిన ఆకునే మళ్లీ తుడుస్తున్నాడు. అతనికి ఇది ఇష్టం లేదని ఆ ఆకు వల్ల నాకు తెలిసింది.

ఈ పగ నిన్నటిది కాదు. కాంతమ్మాళ్‌ను రాఘవేంద్రన్‌కు ఇచ్చి, అతని చెల్లెలు అంజలమ్మను నాకు చేసుకోవాలని పెద్దవాళ్లు కుండమార్పు మాట్లాడుకున్నారు. ఒకే పందిట్లో రెండు తాళులు. నేను అప్పటికే కాలేజీలో మాలినికి మాట ఇచ్చి ఉన్నాను. ఆ సంగతే చెప్పాను. ఒక తాళి ఆగిపోయింది, ఇంకొకటి ఆగలేదు. అప్పటి నుంచి రాఘవేంద్రన్ నన్ను బావ అని పిలవలేదు. కాలేజీ దొర అంటాడు. మాలిని పోయినప్పుడు శ్మశానం దాకా వచ్చి, మా ఇంట మంచినీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

"ఆ డిక్కీకి తాళం చెవి లేదా?" అని ఎవరో అడిగారు.

లేదు. అంతకు ముందెప్పుడో మేట్టుపాళయం దారిలో ఒక లారీ వెనక నుంచి గుద్దితే, పాత సామాను కొట్టులో దొరికిన మూత వేయించాను. ఆ మూతకు తాళం రంధ్రం లేదు. వెనక సీటు బోల్టులతో బిగించినది, వంగదు. స్టీరింగు కింద, కుడి మోకాలి దగ్గర ఉన్న ఆ చిన్న స్విచ్చే డిక్కీకి ఉన్న ఒకే దారి.

"కడప్పార తెచ్చి పెరికేద్దామా?" అన్నాడు రాఘవేంద్రన్.

"వద్దు మాప్పిళ్ళ. మూత లోపలికి వంగితే మాల నలిగిపోతుంది."

"అట్లయితే కాలేజీ దొరే చూసుకోనీ. ఎవరూ ఆ కారువండి దగ్గరికి పోవద్దండి." తర్వాత ఇంట్లోకి చూసి గొంతు పెంచాడు. "అంజలా, పోయి చూడు. ఏమి నాటకం ఆడతాడో చూసి వచ్చి చెప్పు."

నేను బండి తలుపు తెరిచి, నేల మీద మోకాళ్లూని, స్టీరింగు కిందికి తల దూర్చాను. స్క్రూడ్రైవరు, కొత్త స్విచ్చు డాష్‌బోర్డు అరలోనే ఉన్నాయి. కొని చాలా రోజులైంది. మార్చాలని ప్రతి ఆదివారం కూర్చునేవాణ్ని. పాత స్విచ్చును చూసి, ఇంకా పనిచేస్తోంది కదా అని లేచిపోయేవాణ్ని.

"ఏమి కోయంబత్తూరు బావ," అని వెనక నుంచి వినిపించింది. "పెండ్లికి వచ్చినారా, వండి కింద పండుకునేకి వచ్చినారా?"

అంజలమ్మ. నల్లరేగడి మిరపతోటల ఊరికి కోడలై వెళ్లింది, అక్కడి ఎండా కారమూ రెండూ ఆమె మాటలోకి దిగాయి. ఆ వైపు బంధువుల్లో నన్ను బావ అనేది ఆమె ఒక్కతే. ఆమె నోట ఆ మాట చెప్పుదెబ్బలా ఉంటుంది.

"పండుకోలేదమ్మ. ఈ స్విచ్చు పలక ఊడదీయాల."

"ఊడదీసేది మీకు కొత్తనా? బాగా చేస్తారే."

స్క్రూలు రెండూ వచ్చాయి. పలకను మెల్లగా నా వైపు లాగాను. ఎండకు పెళుసెక్కిన ప్లాస్టిక్ క్లిప్పు ఒకటి పుటుక్కున విరిగింది.

"విరిగెనా? శరి. దాన్నీ వద్దనేయండి. వేరేది చూసుకోవచ్చు."

పలక వెనక చీకటి. తీగలు కనిపించడం లేదు. "కొంచెం వెలుతురుంటే బాగుండును," అన్నాను, ఆమెతో కాదు, ఊరికే.

"మీకు వెలుతురు పట్టేకా మా అమ్మ నన్ను కనింది?"

అలా అంటూనే ఫోను తీసి దీపం వెలిగించింది. ఆ వెలుగు వచ్చి సరిగ్గా నా వేళ్ల కొసల మీద నిలిచింది. కదల్లేదు. మనిషి తిడుతోంది, చెయ్యి మాత్రం వణకడం లేదు. చాలామంది ప్రేమగా దీపం పట్టుకుని గోడకు వెలుగు వేస్తారు. ఇలాంటిది నేను గమనించకుండా ఉండలేను.

స్విచ్చుకు వెనక అటూ ఇటూ ఉన్న పళ్లు నొక్కి, ముందుకు తోశాను. ఊడి నా అరచేతిలోకి వచ్చింది. దాని చుట్టూ, సందుల్లో, లోపలిదాకా పసుపుపచ్చని మట్టిలాంటిది గట్టిపడి ఉంది.

"అదేమి?" అంది అంజలమ్మ.

"చందనం. ఆయుధపూజకు మాలిని అన్నిటికీ బొట్టు పెట్టేది. స్టీరింగుకు, హారనుకు, ఒక్కొక్క స్విచ్చుకు. ఆ నీళ్లు లోపలికి దిగినవి."

"చదువుకున్న ఆమె, కరెంటు స్విచ్చుకు చందనం పూసిందా?"

"పూసేది."

"మీరు వద్దనలేదా?"

"అన్నాను. 'దానికి మాత్రం పండగ వద్దా' అనేది."

వెలుగు ఒక్క క్షణం నా వేళ్ల మీద నుంచి ఆ స్విచ్చు మీదికి జరిగి, మళ్లీ వేళ్ల మీదికి వచ్చింది. నేను దాన్ని తీగల నుంచి విడదీసి చొక్కా జేబులో వేసుకున్నాను.

కొత్త స్విచ్చుకు తీగల చివరి ప్లగ్గు తగిలించి, నొక్కాను. ఏమీ లేదు. ఇంకా గట్టిగా నొక్కాను. ఏమీ లేదు. ప్లగ్గు ఊడదీసి చూస్తే, లోపలి రాగి రేకులు పచ్చగా చిలుముపట్టి ఉన్నాయి. చందనం నీళ్లు స్విచ్చు దగ్గరే ఆగలేదన్నమాట. దాన్ని గీకాలి. గీకేందుకు అంత సన్నని సందులోకి పోయేది ఏదీ నా దగ్గర లేదు.

వీధి చివర నాదస్వరం వినిపించింది.

"మేళం తిరిగినది," అంది అంజలమ్మ.

"వత్తిపెట్టె ఉంటే ఇవ్వు."

"యాల? బీడీ కాల్చేకా?"

"పక్కన పుల్ల గీసే పట్టీ ఉంటుంది కదా. దాంతో చిలుము గీకవచ్చు."

అగ్గిపెట్టెలు తయారయ్యే ఆ ప్రాంతంలో వాటికి కొదవ లేదు. ఆమె నడుము సంచిలోంచి ఒకటి తీసి నా ఒళ్లో పడేసింది. పక్క పట్టీని చించి, సన్నగా మడిచి, రేకుల మీద గీకడం మొదలుపెట్టాను. నా కళ్లలోకి చెమట దిగుతోంది. నాదస్వరం దగ్గరవుతోంది. వెలుగు ఒకసారి ఊగింది. చూస్తే అంజలమ్మ లేదు. ఫోనును సీటు మీద నీళ్ల సీసాకు ఆనించి, వెలుగు నా చేతి మీదే పడేలా నిలబెట్టి వెళ్లిపోయింది. అన్నకు చెప్పడానికి వెళ్లిందనుకున్నాను.

బండి పైన ఏదో పెట్టిన చప్పుడయింది. తల ఎత్తి చూస్తే సొట్ట లోటాలో మజ్జిగ. పెట్టిన మనిషి అప్పటికే పందిట్లోకి నడుస్తోంది. నడక చూసి కాంతమ్మాళ్ అని పోల్చుకున్నాను. తాగడానికి సమయం లేదు గాని, అది అక్కడ ఉందని తెలియడం చాలు.

అప్పుడు గేటు దగ్గర కేక వినిపించింది.

"ఆపండయ్యా మేళం. ఎవరిని కేట్టి, ఎవరిని అడిగి లోపలికి వస్తా ఉండారు?"

అంజలమ్మ గేటుకు అడ్డంగా నిలబడి ఉంది. ఆమె ముందు మేళం వాళ్లు, వెనక పందిట్లో రాఘవేంద్రన్.

"అంజలా, పక్కకు రా," అన్నాడతను.

"రాను. హారతి తిప్పే ఆలాత్తి పళ్లెం ఎవరి చేతిలో ఉండాది? నీ పెండ్లాం తంబి ఇళంగో పెండ్లాం చేతిలో. నేను ఎవరు ఈ ఇంట్లో? పెండ్లికూతురి అత్తనా, పాత్రలు కడిగేకి వచ్చినదానా?"

"అది తర్వాత మాట్లాడుదాము. నేరం అవతా ఉండాది."

"ఇప్పుడే మాట్లాడాల. ఒకసారి ఈ ఇంట్లోనే నన్ను అలంకారం చేసి కూచోపెట్టి, పెండ్లి లేదు లేచి పో అన్నారు. ఆ రోజు నీ తాళి కట్టేసి నువ్వు నవ్వుతా నిలబడినావు. నా కోసమని ఆపినావా నీ పెండ్లిని? ఇంతకాలమూ ఆ కోయంబత్తూరు వారిని తిట్టి నీ మానం కాపాడుకున్నావు. నన్ను ఒకరోజన్నా కేట్టినావా, నీకు ఎట్ల ఉండాదని?"

నాదస్వరం ఆయన పెదాలు తుడుచుకుని, పక్కకు తిరిగి నిలబడ్డాడు. ఆమె ప్రతి మాటా నాకూ తగిలింది. తగలవలసిందే. నేను గీకుతూనే ఉన్నాను. పచ్చదనం పోయి రాగి ఎర్రగా మెరిసింది.

ప్లగ్గు తగిలించాను. నొక్కాను.

టక్.

వెనక మూత తనంతట తానే జానెడు లేచింది. పందిట్లోంచి మొదట పరుగెత్తుకొచ్చింది కాంతమ్మాళ్. మాల ఉన్న పళ్లెం ఎత్తి, ముఖం దగ్గర పెట్టుకుని వాసన చూసి, "వాడలేదన్నా," అంది. ఇళంగో ఆకులు పక్కన పెట్టి వచ్చి, ఎవరూ చెప్పకుండానే పళ్ల పళ్లెం ఎత్తుకున్నాడు.

రాఘవేంద్రన్ గేటు వైపు చూశాడు. మేళం ఇంకా గేటు అవతలే ఉంది. అందరి ముందు పెట్టిన గడువు అతనిదే.

"లోపలికి తెండి," అన్నాడు నా ముఖం చూడకుండా. "దీనితో సరి. ఇంక ఈ గడప తొక్కవద్దు."

"సరే మాప్పిళ్ళ," అన్నాను.

ఆలాత్తి పళ్లెం అంజలమ్మ చేతికి వచ్చింది. ఆమె పక్కకు జరిగింది. మేళం లోపలికి వచ్చింది. లక్ష్మిప్రియ ఆ చీర కట్టుకుని గది తలుపు దగ్గరికి వచ్చినప్పుడు నా చేతులకు ఇంకా నల్లటి జిడ్డు ఉంది. దాచుకోబోతే లాక్కుని పట్టుకుంది. "మామా, నడవండి, అందరూ చూస్తా ఉండారు," అంది. పీటల దాకా పెద్ద దూరం కాదు. ఎవరో ఆడమనిషి 'పెండ్లాం లేని మనిషి' అని పక్కామెతో గొణగడం వినిపించింది. పిల్ల నా వేళ్లను ఇంకా గట్టిగా పట్టుకుంది.

భోజనానికి నన్ను ఎవరూ పిలవలేదు. నేనూ ఆగలేదు. బండి దగ్గరికి వస్తే అంజలమ్మ ఫోను సీటు మీద ఇంకా వెలుగుతూనే ఉంది. ఆమె దాని కోసమే వచ్చింది.

"ఫోను సార్జంతా అయిపోయినది. మీ వల్ల ఎవరికి ఏమి మిగిలినది?"

"గేటు దగ్గర మేళాన్ని ఆపినందుకు..." అన్నాను.

"మీ కోసమని ఎవరు చెప్పినది? నా పళ్లెం కోసం నేను కొట్లాడినాను."

"సరేనమ్మ."

"ఆ పళ్లెం నాకు వచ్చినది. మీ మీద నాకు ఉండే కోపం అట్లనే ఉండాది. తెలిసినదా?"

"తెలిసినది."

ఆమె ఫోను తీసుకోవడానికి లోపలికి వంగింది. కుడిచేతి ఉంగరం వేలి మీద పెళ్లి చందనం తడిగా ఉంది. వంగినది లేవకుండా ఒక్క క్షణం ఆగింది. స్టీరింగు కింద, విరిగిన క్లిప్పు పక్కన నల్లగా మెరుస్తున్న కొత్త స్విచ్చు మీద ఆ వేలు గట్టిగా అద్దింది.

"ఇది కూడా పాడై పోనీ," అని తలుపు వేసి వెళ్లిపోయింది.