ఆ తలుపు వెనక మెట్లు లేవు

ఆ గొడుగు సినిమా టీవీలో ఎప్పుడు వచ్చినా మా ఇంట్లో పనులు ఆగిపోతాయి. అందులో మా సినిమా హాలు కనిపిస్తుంది. మా హాలంటే మాకు సొంతమేమీ కాదు. మా మామయ్య, అంటే మా ఆయన వాళ్ళ నాన్న, అందులో ఆపరేటరుగా చేసి చేసి, అది మూతపడ్డాక దానికే కాపలాదారుగా మిగిలిపోయారు. టికెట్ల గది వెనకున్న రెండు గదుల్లో మేముంటాం. హాల్లో ఇప్పుడూ కుర్చీలున్నాయి గానీ కూర్చోడానికి కాదు. పెళ్ళిళ్ళకు సామాను అద్దెకిచ్చే ఒకాయన ప్లాస్టిక్ కుర్చీలు ఒకదాంట్లో ఒకటి దూర్చి తెర దాకా పేర్చాడు.

సినిమాలో ఒక గుమాస్తా కడుపునొప్పని ఆఫీసుకు చెప్పి మ్యాట్నీకి వస్తాడు. గొడుగు చాటున మొహం దాచుకుని లోపలికి దూరతాడు. తీరా చూస్తే పక్క సీట్లో మేనేజరు, వెనక వరసలో పెళ్ళాం. ఇక అక్కణ్ణుంచి పరుగే పరుగు. మా గేటు, మా బాల్కనీ, మా ఆపరేటర్ గది. ఆ గదికి వీధివైపున్న తలుపు తోసుకుని, వంపు తిరిగిన మెట్ల మీద గొడుగుతో సహా దొర్లి, కింద పూలకుండీల్లో పడతాడు.

"ఆ మెట్లు మనవి కావు," అనేవారు మామయ్య సరిగ్గా అక్కడ. అందరూ పొట్ట పట్టుకునే చోట ఆయనొక్కరే నవ్వేవారు కాదు. "అవి ఇంకో హాల్లో తీసి అతికించారు. మన తలుపు వెనక ఏమీ లేదు. కాలు పెడితే వీధిలో పడతాం."

నిజమే. ఆ తలుపు మనుషుల కోసం పెట్టింది కాదు. రీళ్ళ పెట్టెలను కిందనుంచి తాడుతో పైకి లాగడానికి పెట్టింది. కొక్కెం ఇంకా వేలాడుతూనే ఉంది. ఇక్కడ మెట్లు లేవండీ అని షూటింగు రోజే ఆయన చెప్పారట. "చూసేవాళ్ళకు ఉంటాయిలే" అన్నారట ఆ సినిమావాళ్ళు. హాలు మూసేసినప్పుడు గడియకు ఇనపతీగ చుట్టి బిగించింది కూడా మామయ్యే.

నేను కుట్టుపని చేసే చోట చొక్కాలకు కాలర్లు కుట్టేదాన్ని. పాపకింకా ఏడాది నిండలేదు. అత్తయ్య లేరు కాబట్టి నేను పనికెళితే పాపను చూసేది మామయ్యే. పాల వేడి మణికట్టు మీద చుక్క వేసి చూసుకోవడం, పట్టాక భుజాన వేసుకుని తట్టడం నాకంటే ఆయనకే బాగా వచ్చు. అయినా నా ప్రాణం ఇంటి దగ్గరే ఉండేది. అక్కడ మిషను తొక్కేవి కాళ్ళు మాత్రమే.

"నీ భయాలన్నీ ఆరేస్తే మన డాబా చాలదు," అంటాడు మా ఆయన. బస్సు డిపోలో మెకానిక్కు. ఏ బండి ఏ చప్పుడు చేసినా ఇంకో ఏడాది నడుస్తుందనే అంటాడు.

వర్షాకాలం మొదట్లో ఆ సినిమా మళ్ళీ వచ్చింది. గుమాస్తా తలుపు తోశాడు, దొర్లాడు, కుండీలు పగిలాయి. మామయ్య ఆ మాట అనలేదు. పాప వీపు నిమురుతూ, "ఆ మెట్ల మీదే కూర్చుని మీ అత్తయ్య నాకు క్యారేజీ విప్పి పెట్టేది," అన్నారు.

నా చేతిలో చాట ఆగిపోయింది.

ఆ సాయంత్రం మా ఆయన చేతులు కడుక్కుంటుంటే చెప్పాను.

"ఏవండీ, మామయ్యకు లేని మెట్లు గుర్తొస్తున్నాయి."

"సినిమా చూస్తూ ఏదో అనుంటాడు. గ్యాసు ఎప్పుడు అయిపోతుందో నీకు గుర్తుంటుందా? ఆయనకుంటుంది. పాప చుక్కల మందు ఎవరు గుర్తు చేశారు మొన్న?"

"ఆయనే."

"మరి? ఎనిమిదో తరగతి డాక్టరమ్మా, ఇక అన్నం పెట్టు."

చదువు మధ్యలో ఆగినవాళ్ళ మాటకు ఇంట్లో బరువుండదు. అలాగని పని మానేస్తే గడవదు. అందుకని నాకు నేనే ఒక దారి చూసుకున్నాను. మర్నాడు పాపను మామయ్య చేతికిచ్చే ముందు అడిగాను.

"మామయ్యా, పైన ఆ తలుపు వెనక ఏముంది?"

ఆయన వింతగా చూశారు. "ఏమీ లేదు. కాలు పెడితే వీధిలో పడతాం. ఎందుకమ్మా?"

"ఊరికే," అన్నాను. ఆ రోజు కాలర్లు వంకర పోలేదు.

అప్పట్నుంచి రోజూ అడిగేదాన్ని. ఆయన విసుక్కునేవారు, ఒక్కోసారి నవ్వేవారు. "పొద్దున్నే పరీక్షా? ఎప్పుడమ్మా నన్ను పాస్ చేసేది?" అనేవారు. కొన్నాళ్ళకు నేను నోరు తెరవగానే జవాబు వచ్చేసేది. ఆ రెండు ముక్కలూ అదే వరసలో, అదే గొంతుతో వచ్చేవి. నేను చెప్పులేసుకుని వెళ్ళిపోయేదాన్ని.

ఒకరోజు పని దగ్గర కరెంటు పోయింది. జనరేటరూ మొండికేసింది. మధ్యాహ్నమే ఇళ్ళకు పొమ్మన్నారు. నేను వచ్చేసరికి ఇంటి తలుపు తీసే ఉంది. ఉయ్యాల ఖాళీగా ఉంది. పాలసీసా నేల మీద పడి ఉంది. పిలిచాను. పైనుంచి పాప కేరింత, దాని వెనక ఇనుము గీరుకునే చప్పుడు వినిపించాయి.

బాల్కనీ మెట్లు ఎలా ఎక్కానో తెలియదు. ఆపరేటర్ గదిలో మామయ్య వీధివైపు తలుపు ముందు నిలబడి ఉన్నారు. ఎడమ చంకలో పాప, కుడిచేతిలో కటింగ్ ప్లేయర్. తీగ సగం పైగా విడిపోయి కిందికి వేలాడుతోంది.

అరిస్తే ఉలిక్కిపడతారు. పరుగెత్తి పట్టుకుంటే పెనుగులాటలో ఆ తలుపే తెరుచుకోవచ్చు. గుమ్మంలోనే నిలబడి మెల్లగా అడిగాను.

"మామయ్యా, ఏం చేస్తున్నారు?"

"వచ్చావా. ఇందాక ఏడ్చిందమ్మా. మెట్లు దిగి కింద పూలకుండీలు చూపిద్దామని," అన్నారు తిరిగి చూడకుండానే.

"ఆ తలుపు వెనక ఏముంది మామయ్యా?"

"ఏమీ లేదు. కాలు పెడితే వీధిలో పడతాం," అన్నారు తడుముకోకుండా. అంటూనే తీగ ఇంకో చుట్టు విప్పారు.

నాకప్పుడు తెలిసింది. మా లెక్కల మాస్టారు బెత్తం ఎత్తగానే నేనూ ఇలాగే అప్పజెప్పేదాన్ని, ముక్క అర్థం కాకుండా. బట్టీ పట్టిన జవాబును నమ్మి ఇన్నాళ్ళూ పాపను వదిలి వెళ్ళాను.

తీగ చివరి చుట్టు దగ్గరికి వచ్చింది. గోడలో ఒకప్పుడు బొమ్మ తెర మీదికి వెళ్ళే చదరపు కన్నం కనిపించింది. నోటికి ఎలా వచ్చిందో ఆ మాట వచ్చింది.

"మామయ్యా, రీలు అయిపోతోంది."

ఆయన చెయ్యి ఠక్కున ఆగింది. "పట్టు, పట్టు దీన్ని," అంటూ పాపను నా మీదికి తోసి, ప్లేయర్ జేబులో వేసుకుని గది మధ్యకు గబగబా నడిచారు. మిషను ఎప్పుడో ఇనప సామాన్లవాడు పట్టుకుపోయాడు. నేల మీద దాని కాళ్ళు బిగించిన బోల్టులు మాత్రం మిగిలాయి. ఆయన ఆ బోల్టుల మధ్య నిలబడి కన్నంలోంచి హాల్లోకి చాలాసేపు చూశారు.

"ఎవరూ కదలరేంటమ్మా ఇవాళ," అన్నారు.

కింద కుర్చీల గుట్టలు చీకట్లో ఉన్నాయి. పాపను రొమ్ముకు అదుముకుని, ఆయన మోచెయ్యి పట్టుకుని కిందికి దింపాను.

ఆ సాయంత్రం మా ఆయన పైకెళ్ళి ఆ తలుపుకు అడ్డంగా చెక్కలు కొట్టాడు. కిందికొచ్చి సుత్తి మూలన పెట్టాడు. నన్ను డాక్టరమ్మా అనలేదు. అన్నా బాగుండేదనిపించింది.

నేను పని మానేశాను. "మళ్ళీ వస్తే నీ మిషను నీకుండదు," అంది సూపర్‌వైజరమ్మ. ఉండదని నాకూ తెలుసు. పొద్దున నా చెప్పులు చూస్తే మామయ్య ఇంకా ఆ జవాబు చెబుతారు, నేను అడగకపోయినా.

మొన్న ఆ సినిమా మళ్ళీ వచ్చింది. గుమాస్తా తలుపు తోశాడు. మెట్ల మీద దొర్లాడు. మామయ్య నవ్వారు. తొడ చరుచుకుని, కళ్ళల్లో నీళ్ళు తిరిగేలా నవ్వారు. ఆ చోట ఆయన నవ్వడం మేమెప్పుడూ చూడలేదు. మా ఆయన లేచి నీళ్ళ పంపు దగ్గరకు వెళ్ళిపోయాడు.

నవ్వి నవ్వి మామయ్య నావైపు తిరిగి రెండు చేతులూ చాచారు.

"ఇలా ఇవ్వమ్మా దాన్ని కాసేపు. చేతులు ఊరికే ఉన్నాయి."

"నిద్రపోతోంది మామయ్యా."

పాప నా ఒళ్ళో కళ్ళు విప్పుకుని తాతనే చూస్తోంది. ఎత్తుకోమని చేతులు చాచబోయింది. నేను కొంగు కప్పాను.