నలభై రెండు స్ప్రింక్లర్లు

బ్లెస్సీ తెనాలిలో పొద్దుటి ప్యాసింజరెక్కి రేపల్లెలో దిగేసరికి, ఫంక్షన్ హాలు ఓనరు చెంచురామయ్య పంపిన కారు స్టేషన్ బయట సిద్ధంగా ఉంది. తనిఖీకి వచ్చేవాళ్ళకు కారు పంపారంటే అక్కడ ఏదో తేడా ఉన్నట్టేనని నాలుగేళ్ళ ఉద్యోగంలో ఆమె గ్రహించింది.

మంటలు లేస్తే పైకప్పు నుంచి వాటంతటవే నీళ్ళు చిమ్మే స్ప్రింక్లర్లను పరీక్షించడం ఆమె పని. బాగుంటే బాగున్నాయనీ, లేకపోతే లేవనీ రాయాలి. ఆమె కంపెనీ యజమాని ఫ్రాన్సిస్ ఉద్దేశంలో ఈ పనికి మొదటి సగమే ఉంది.

చెంచురామయ్య ఆమెకు ఇడ్లీ పెట్టించి, కాఫీ తాగించి, హాలంతా తిప్పి చూపించాడు. పైకప్పుకు నలభై రెండు స్ప్రింక్లర్లు వరుసగా మెరుస్తున్నాయి. వేడికి పగిలే ఎర్రటి గాజుగొట్టం ప్రతిదానికీ ఉంది. కింద పంపు గదిలో ప్రెషర్ మీటరు ముల్లు ఏడు దగ్గర నిలబడి ఉంది. బ్లెస్సీ పంపు ఆపించింది. ముల్లు ఏడు దగ్గరే ఉంది. వేలితో అద్దం మీద తట్టింది. ముల్లు సున్నాకు జారిపోయింది.

ఆమె నిచ్చెన వేయించుకుని పైకెక్కి ఒక స్ప్రింక్లర్‌ను పట్టుకుంది. అది గమ్ముతో సహా చేతిలోకి ఊడొచ్చింది. సీలింగు పలక ఎత్తి టార్చి వేసింది. దుమ్ము, వైర్లు తప్ప అక్కడ పైపన్నదే లేదు.

"బాబాయ్ గారూ, వీటికి నీళ్ళెక్కణ్ణుంచి వస్తాయండీ?"

"ఆరేళ్ళయిందమ్మా పెట్టించి," అన్నాడు చెంచురామయ్య. "ఒక్క చుక్క కారలేదు. తుప్పు పట్టలేదు. చీరాల్లో మా బావమరిది హాల్లో నిజమైనవి పెట్టించాడు, నెలకోసారి లీకు."

ఆమె ఫ్రాన్సిస్‌కు ఫోన్ చేసింది.

"చూడ్డానికి ఎలా ఉన్నాయమ్మా?" అని అడిగాడాయన.

"చూడ్డానికి బాగున్నాయి సార్."

"మరింకేంటి, అదే రాయి."

"ఇంగ్లీషులో రాయమాకమ్మా," అన్నాడు చెంచురామయ్య పక్కనుంచి. "తెలుగులో రాస్తే నేనూ చదువుకుంటా."

బ్లెస్సీ కూర్చుని గుండ్రటి అక్షరాలతో రాసింది: "స్ప్రింక్లర్లు చూడటానికి బాగున్నవి. గమ్ముతో అంటించి ఉన్నవి. పైపు లేదు. నీరు రాదు. అగ్నిప్రమాదం జరిగితే వీటిని నమ్ముకుని లోపల ఉండరాదు."

తెనాలిలో ఫ్రాన్సిస్ మొదటి వాక్యం చదివి, తృప్తిపడి, సంతకం చేసి సీలు కొట్టాడు. రేపల్లెలో చెంచురామయ్య సీలు చూసి, అద్దం కట్టించి హాలు గుమ్మం పక్కన తగిలించాడు. ఆయన చదువుకుంటానన్నాడే గానీ ఎప్పుడని చెప్పలేదు. అక్కడ రెండు నెలల్లో పదకొండు పెళ్ళిళ్ళు జరిగాయి. వచ్చినవాళ్ళు దాని పక్కన నిలబడి ఫొటోలు దిగారు.

తర్వాత జరిగింది బ్లెస్సీకి ఖతీజా టీచరే చెప్పింది. ఆవిడ బాపట్లలో ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పి రిటైరయింది. మనవరాలు హీనా పెళ్ళికి హాలు చూడ్డానికొచ్చి, గోడ మీద తెలుగు కనబడితే కళ్ళజోడు తీసి పెట్టుకుంది.

"ఎవరు రాశారండి ఇది? ఒక్క అక్షరదోషం లేదు."

"తెనాలి నుంచి పెద్ద ఇంజనీరమ్మ వచ్చి రాసిందండి," అన్నాడు చెంచురామయ్య గర్వంగా.

"నేను చదువుతాను, వినండి," అని ఆవిడ క్లాసులో చదివినట్టు నింపాదిగా, ప్రతి వాక్యం దగ్గరా ఆగుతూ చదివింది. అడ్వాన్సు ఇవ్వడానికి వచ్చి క్యూలో నిలబడ్డ రెండు కుటుంబాలూ విన్నాయి. విని, చెప్పులేసుకుని వెళ్ళిపోయాయి.

సాయంత్రానికి చెంచురామయ్య ఆ ఫ్రేమును చంకన పెట్టుకుని తెనాలి వచ్చాడు. ఫ్రాన్సిస్ ఆ కాగితం చివరిదాకా చదవడం అదే మొదటిసారి.

"ఏంటమ్మా ఇది?" అన్నాడు బ్లెస్సీతో.

"మీరు సంతకం చేసిందే సార్."

కింద తన సీలు ఉండేసరికి ఆయనకు తిట్టడానికి నోరు రాలేదు. చెంచురామయ్యకూ తిరగబడే దారి లేదు, రెండు నెలలుగా దాన్ని ఊరందరికీ చూపించింది తనే. చివరకు నిజమైన పైపులు వేయడానికి ఒప్పుకున్నారు. దగ్గరుండి వేయించే పని బ్లెస్సీకే అప్పజెప్పారు. అది శిక్ష అని ఫ్రాన్సిస్ అనుకున్నాడు. ఆమె మాత్రం మూడు వారాల పాటు రోజూ ఉత్సాహంగా రైలెక్కింది.

పరీక్ష రోజున ఖతీజా టీచర్ బాపట్ల నుంచి గొడుగుతో సహా వచ్చింది. బ్లెస్సీ పైపు చివరి కుళాయి తిప్పింది. పైపులో నీళ్ళు పారితే మోగే గంట గోడ మీద గణగణ మోగింది. ముందు నల్లటి నీళ్ళు, తర్వాత తేటనీళ్ళు డ్రమ్ములోకి దూకాయి. పైకి చూపించలేదు గానీ బ్లెస్సీ కళ్ళు చెమర్చాయి. నాలుగేళ్ళలో గంట మోగిన హాలు ఆమెకిది రెండోది.

"బుక్ చేసుకోండి," అంది ఖతీజా.

చెంచురామయ్య బ్లెస్సీని పక్కకు పిలిచాడు. "పెళ్ళి రోజు మాత్రం కింద నీళ్ళొదిలే ఆ వాల్వు కట్టేద్దామమ్మా. బిర్యానీ ఆవిరికి పొరపాటున నీళ్ళొస్తే చీరలు పాడవుతాయి."

బ్లెస్సీ కింద గదిలోకి వెళ్ళి, వాల్వు పూర్తిగా తెరిచి, ఎవరూ తిప్పకుండా దాని చక్రానికి గొలుసు చుట్టి తాళం వేసింది. తాళంచెవి ఫైరాఫీసులో ఇచ్చి సంతకం తీసుకుని, తెనాలి రైలెక్కింది.