పదమూడు అంగలు

తొమ్మిది, పది, పదకొండు... పెదవులు కదుపుతూ ఆయన గడప దగ్గర్నుంచి వీధి మలుపు దాకా వచ్చేశాడు. లెక్కించాల్సిన పనేమీ లేదక్కడ. ముప్పై నాలుగేళ్ళుగా కాలు కదిలితే చాలు, నోరు దానంతట అదే అంకె చెబుతుంది. భుజాన గోనెసంచిలో సుత్తి, సున్నం డబ్బా, కట్టెమేకుల కట్ట ఉన్నాయి. ఆఫీసువాళ్ళు ఎప్పుడో ఇచ్చిన ఇనుప టేపు అడుగున పడి ఉంది. దానితో ఆయనకు ఎన్నడూ పనిపడలేదు.

అన్నం గిన్నె పట్టుకుని భార్య పక్కనే వస్తోంది. మలుపు దాకా సాగనంపడం ఆమె అలవాటు.

"ఏమయ్యా, ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది. ఏం?"

"పెళ్ళైన కొత్తలో నీ వెనక నడవలేక నా ప్రాణం తోకకొచ్చేది. ఇప్పుడు చూడు, పక్కనే తీరిగ్గా వస్తున్నా."

"నీకు నడక అలవాటయ్యిందిలే."

"ఈ మోకాళ్ళతోనా! చాల్లే సంబడం," అని గిన్నె చేతిలో పెట్టి వెనక్కి తిరిగింది.

బస్సు దిగి కొండవాలు ఎక్కేసరికి పొద్దు బాగా పైకొచ్చింది. ఆ వాలంతా ప్రభుత్వ భూమి. నలభై కుటుంబాలకు ముప్పై ఏళ్ళ కౌలుకిచ్చారు. పొలాలైతే వచ్చాయి గానీ వాటికి దారి లేదు. పండించినదంతా నెత్తిన పెట్టుకుని దిగాల్సిందే. ఇన్నాళ్ళకు ట్రాక్టరు పోయేంత మట్టిదారి వేస్తున్నారు. దానికి షరతులున్నాయి: వెడల్పు పన్నెండడుగులు మించకూడదు, కౌగిలికి అందని చెట్టును కొట్టకూడదు, ఊటకు పది మీటర్ల లోపు మట్టి కదపకూడదు. ఈయన మేకులు పాతి, వాటి వెంట సున్నం గీత పోస్తాడు. పొక్లెయిన్ ఆ గీత వెంట తవ్వుకుంటూ పోతుంది. అందుకే అందరూ ఆయన్ని కొలతాయన అంటారు. అసలు పేరు జీతం కాగితంలో తప్ప ఎక్కడా లేదు.

ఆయన కొలిచేది అంగలతో. పదమూడు అంగలు వేస్తే పది మీటర్లు. వయసులో ఉన్నప్పుడు ఒక ఇంజనీరు నమ్మక మూడుసార్లు టేపు పట్టి చూశాడు. మూడుసార్లూ వేలెడు తేడా రాలేదు. ఆ తర్వాత ఆఫీసులో ఎవరూ టేపు విప్పలేదు. ఆయన మాట మీదే సంతకాలు పడ్డాయి.

అంతకుముందు ఒకే ఒక్కసారి, ఉద్యోగంలో చేరిన ఏడాది, వేరే కొండ మీద, పైవాళ్ళ తొందరకు తలవంచి మేకులు రెండంగలు ఊటవైపు జరిపాడు. కోసిన గట్టులోంచి వారం రోజులు నీళ్ళు కారాయి. తర్వాత కింద ఊట ఎండిపోయింది. ఆ వేసవిలో అటు వెళితే ఒక పిట్ట ఎండిన బురదను ముక్కుతో పొడుస్తూ కనిపించింది. ఆ సంగతి ఆయన భార్యకు కూడా చెప్పలేదు.

ఇవాళ పాతాల్సింది ఒక్క మేకే. దారి ఊటకు ఎగువన విల్లులా వంగి పోతుంది. ఆ వంపుకి పద్దెనిమిది మేకులు ఇప్పటికే పాతాడు. రేపు తెల్లవారగానే పొక్లెయిన్ తవ్వడం మొదలుపెడుతుంది.

ఊట అంటే పెద్దదేం కాదు. రెండు రాళ్ళ మధ్య దోసెడు నీళ్ళు, చుట్టూ నాచు, గోరంత కప్పలు. ఆయన చెప్పులు విడిచి తడినేల మీద కాలుపెట్టాడు. విడవమని ఎవరూ చెప్పలేదు. నీళ్ళు పుట్టే చోటికి చెప్పులతో పోబుద్ధి కాదు, అంతే.

"స్వామీ, నీ వాకిలి ముందునుంచి పోతున్నాం. ఏమనుకోకు," అని తడి అంచునుంచి అంగలు మొదలుపెట్టాడు. పదమూడో అంగ వేసి మేకు తీయబోతుంటే పొద్దున్న భార్య అన్న మాట గుర్తొచ్చింది. పక్కనే తీరిగ్గా వస్తున్నా.

మేకు వదిలేశాడు. సంచి అడుగునుంచి టేపు తీశాడు. ఎనిమిది మీటర్ల మీద జానెడు. టేపే సాగిపోయిందేమో అనిపించింది. మళ్ళీ పట్టాడు. పాత మేకుల్లో మూడింటికి పట్టి చూశాడు. అన్నీ అంతే.

కూలబడ్డాడు. కన్ను మసకేస్తే తెలిసింది, పన్ను ఊడితే తెలిసింది. అంగ తగ్గితే మాత్రం ఎందుకు చెప్పలేదు దేవుడా? ఇంటిదానికి చెప్పావు, నాకు చెప్పకూడదా?

పైన పొలం కౌలుకు చేసే ఆమె కూరగాయల గంప నెత్తిన పెట్టుకుని దిగుతూ ఆగింది. "ఏంటి బాబాయ్, కొండను నువ్వొక్కడివే మోస్తున్నట్టు కూచున్నావు?"

"మేకులన్నీ రెండంగలు పైకి జరపాలమ్మా. కొలత తప్పింది."

"పైకంటే నా చిక్కుడు వరసలోకా?"

"ఒక వరస పోతుంది."

ఆమె గంప దించింది. మెడ నరాలు తాళ్ళలా ఉబ్బి ఉన్నాయి. "ఇదిగో చూడు ఈ మెడ! దారి ఎప్పుడు పడుతుందా అని మూడేళ్ళుగా కళ్ళు కాయలు కాశాయి. పడేనాటికి వరస పీకమంటావా? అయినా నువ్వు కొలిచిందేగా, తప్పని ఎవరన్నారు?"

"నేనే అన్నాను."

"ఆఫీసోళ్ళు చూస్తారా?"

"చూడరు."

"మరింకేం! రెండంగలకి ఊట అలుగుతుందా?"

"అలుగుతుందమ్మా. ఒకసారి అలిగింది." ఆయన ఊటవైపు చూపించాడు. "నువ్వు బిందె ముంచేది ఇందులోనేగా."

ఆమె గంప ఎత్తుకుని, "నీతో వేగలేం బాబాయ్," అంటూ దిగిపోయింది.

అంగలతో అయితే అలా నడుచుకుంటూ పోయేవాడు. టేపుతో ఒంటరి మనిషికి అది కుదరదు. కిందకు దిగి తడి అంచున పుల్లకు కొన తగిలించాలి. పైకెక్కి, పది అంకె మీద బొటనవేలు నొక్కిపట్టి, రెండో చేత్తో మేకు దిగ్గొట్టాలి. మళ్ళీ దిగాలి. అలా పంతొమ్మిదిసార్లు. ఆరో మేకు దగ్గర అన్నం గిన్నె తెరిచి, రెండు ముద్దలు తిని మూసేశాడు. పదకొండో మేకు దగ్గర ఎడమ చేయి బరువెక్కింది. సుత్తి పట్టేది కుడిచేత్తోనే కదా అనుకున్నాడు. పదిహేను తర్వాత నోరు లెక్కపెట్టడం మానేసింది. కప్పలు మాత్రం ఆయన దిగినప్పుడల్లా నీళ్ళలోకి దూకి, ఎక్కగానే ఒడ్డుకొచ్చాయి.

పొద్దువాలే వేళకు సున్నం గీత పూర్తయింది. పాత గీతను కాలితో చెరిపేశాడు.

రేపటి పనికి పొక్లెయిన్ను కింద నిలిపి, గీత చూసుకుందామని డ్రైవరు పైకొచ్చాడు. కొలతాయన ఊట పక్కన చెట్టుకు ఆనుకుని, వట్టికాళ్ళు చాపుకుని కూచున్నాడు.

"ఏం బాబాయ్, గీత పైకెక్కించావు? నా బండికి డీజిల్ నువ్వు పోయిస్తావా?" అంటూ డ్రైవరు పక్కనే చతికిలబడి బీడీ వెలిగించాడు. కొడుకు బడి సంగతీ, బండి గొలుసు సంగతీ చాలాసేపే చెప్పాడు. బీడీ అయిపోయాక ఆయన చేతివైపు చూశాడు. సున్నం అంటిన వేళ్ళ మీదుగా చీమల బారు పోతోంది. చెయ్యి కదలలేదు.

రెండు రోజులు పని ఆగింది. మూడో రోజు పొక్లెయిన్ పైగీత వెంటే తవ్వింది. యంత్రం వచ్చేలోపే చిక్కుడు వరసను ఆమె తన చేతులతో పీకి పక్కన పెట్టింది. కింద ఊట కలక బారలేదు.

ఆ సాయంత్రం డ్రైవరు సంచి తెచ్చి ఇంట్లో ఇచ్చాడు. భార్య గిన్నె తీసి కడిగింది, సుత్తి గోడవారన పెట్టింది. కొత్తదిలా ఉండే టేపు మాత్రం బురదతో బిర్రబిగుసుకుపోయింది. తుడుద్దామని మెల్లగా లాగింది. తొమ్మిది దాకా అంకెలన్నీ స్పష్టంగానే ఉన్నాయి; ఆ తర్వాతి అంకె మాత్రం, ఒకదాని మీద ఒకటి పడిన సున్నపు బొటనవేలి ముద్రల కింద, ఏమిటో కనబడటం లేదు.