వారసులు లేని కొట్టం

రెండో బూటు సరిగా మునగలేదని ఆమె మళ్ళీ కాలు తొట్టిలో పెట్టింది. మందు కలిపిన నీళ్ళు తెల్లగా విరిగి మడమ చుట్టూ నురగ కట్టాయి. బూటు అడుగున ఇరుక్కున్న పేడను పుల్లతో గీకి, మరోసారి ముంచి, అప్పుడు గాని గేటు దాటలేదు. ఎవరి కొట్టంలో అడుగు పెట్టాలన్నా ఆమెకు ముందు ఈ పని. చూసేవాళ్ళకు చాదస్తంగా ఉంటుంది. ఒకరి నవ్వుల్ని పట్టించుకునే వయసు ఆమె ఎప్పుడో దాటేసింది.

"మీ బూట్లు మా ఇంట్లో గిన్నెలకన్నా శుభ్రం మేడం" అన్నాడు మీసాల రైతు.

"అయితే గిన్నెలు కడుక్కో" అందామె.

పొట్టి మనిషి. జుట్టు కత్తిరించి చెవుల వెనక్కి దువ్వుకుంటుంది. ఎండకూ గాలికీ బుగ్గలు తోలులా ముదిరిపోయాయి. ఎంత ఉతికినా ఆమె బట్టల్లోంచి పేడ, పచ్చిగడ్డి కలిసిన వాసన పోదు. పశుపోషకుల సహాయ కేంద్రంలో ఆమెది సలహాదారు ఉద్యోగం. కొట్టాలు తిరిగి, ఎవరికి ఏం లాభమో, ఏ పనికి చేయి చాచొచ్చో, ఏ పనికి చాచకూడదో చెప్పాలి. సాయం ఇవ్వదగ్గవాళ్ళని తేలితే పైకి రాసి పంపాలి. మిగతా సలహాదారులు రైతు ఇంటి హాల్లో కూర్చుని మొదలుపెడతారు. ఈమె కొట్టంతో మొదలుపెడుతుంది.

మీసాల రైతు పాలు తోలడానికి కొత్త బండి కావాలన్నాడు.

"ఉన్నదానికేమైంది?"

"పాతదైపోయింది మేడం."

"నేనూ పాతదాన్నయ్యాను. నన్నూ మార్చేయమంటావా?"

అతని భార్య మొహం తిప్పుకుని నవ్వింది. బండి చుట్టాలిళ్ళకు తిరగడానికి, పేరు మాత్రం పాలది. అది ముగ్గురికీ తెలుసు. ఆమె అతన్ని మేత గది దగ్గరికి తీసుకెళ్ళి కప్పు చూపించింది. కారిన చోటల్లా గడ్డి నల్లబడి బూజు పట్టింది.

"ముందు ఈ కప్పు వేయించు. బూజు మేత తిని ఆవులు వట్టిపోతే కొత్త బండిలో గాలి తోలుకెళ్తావా? కప్పుకైతే నేను రాస్తా. బండికైతే మీసం గొరిగించుకుని వచ్చినా రాయను."

అతను కాసేపు నసిగి సరేనన్నాడు. తను వెళ్ళాక వీళ్ళు తనను మిరపకాయ మేడం అనుకుంటారని ఆమెకు తెలుసు. ఆ పేరు మీద ఆమెకు ఫిర్యాదేమీ లేదు. ఆమె తల్లి పాల కేంద్రంలో క్యాన్లు కడిగేది. తక్కువ కొలిచారని రైతుల తరఫున ఒకసారి నోరు విప్పినందుకు ఆమెను పని మానిపించారు. కూతురికి ఆస్తంటూ వచ్చింది ఆ నోరొక్కటే.

ఆఫీసు బండి ఎక్కబోతుంటే ఫోను మోగింది. ఆఫీసు నుంచి మేనేజరు.

"ఒకసారి వస్తారా మేడం? అక్కచెల్లెళ్ళ సంగతి తేలింది."

బండి తలుపు ఒక దెబ్బకు పడదు. రెండోసారి గట్టిగా కొట్టి ఆమె బయల్దేరింది.

అక్కచెల్లెళ్ళంటే గుట్ట పక్క కొట్టం వాళ్ళు. పెళ్ళిళ్ళు లేవు, పిల్లలు లేరు. తండ్రి పోయినప్పటి నుంచి ఇద్దరే ఆవుల్ని మేపుకుంటూ వచ్చారు. పోయిన చలికాలం వాళ్ళ పొరుగు కొట్టంలో గాలికుంటు వ్యాధి కనబడింది. వీళ్ళ ఆవుల్లో ఒక్కదానికీ నోట్లో పుండు లేదు, గిట్టలో చీము లేదు. అయినా పటం మీద గీత గీసి, ఆ గీత లోపల ఉన్న పశువులన్నిటినీ చంపాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. దూరపు బీడులో మేస్తున్న ఐదు ఆవులు గీతకు అవతల ఉండి బతికాయి. మిగతావి కొట్టంలోనే ఉన్నాయి, పొదుగుల నిండా పాలతో.

ఆ రోజు అక్క కర్ర అడ్డం పెట్టుకుని కొట్టం గుమ్మంలో నిలబడింది. తుపాకులు తెచ్చినవాళ్ళు ఆమెను లాగేయడానికి జంకారు. "మీరు చెబితే వింటారు మేడం" అని సలహాదారుని ముందుకు తోశారు. ఆమె వెళ్ళి చెప్పింది. తప్పదు పెద్దక్కా, కొట్టం మళ్ళీ నింపుకోవడానికి సాయం వస్తుంది, పూచీ నాది అంది. అక్క ఆమె కళ్ళలోకి చాలాసేపు చూసి కర్ర దించింది. తర్వాత సాయంత్రం దాకా వినబడిన చప్పుళ్ళు ఇప్పటికీ బండి తలుపు గట్టిగా వేసిన ప్రతిసారీ ఆమెకు వినబడతాయి.

ఆఫీసు హాల్లో క్లాసు జరుగుతోంది. బయటినుంచి పిలిపించిన వక్త గోడ మీద బొమ్మలు చూపిస్తూ, "ఆవు మీ ఇంటి మనిషి కాదు, మీ ఫ్యాక్టరీ" అంటున్నాడు. రైతులు పొద్దున్నే లేచిన కళ్ళతో వింటున్నారు. వెనక వరసలో ఒకాయన నిద్రపోతున్నాడు. ఆయనే అదృష్టవంతుడు.

మేనేజరు కుర్రతనం పోని మనిషి, మర్యాదస్తుడు. కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు.

"సాయం రాలేదు మేడం. కొత్త నిబంధన ఒకటి చేర్చారు. కొట్టం నింపుకోవడానికి సాయం ఇవ్వాలంటే ఆ వ్యాపారానికి వారసులుండాలి. వీళ్ళకు పిల్లలు లేరు కదా."

"చంపేటప్పుడు వారసుల్ని అడిగారా?"

"అది వేరే శాఖ మేడం."

"కాల్చిన తుపాకీదొక శాఖ, మాటిచ్చిన నాలుకదొక శాఖానా సార్?"

అతను కంప్యూటరు తెర మీద నుంచి కళ్ళు తిప్పలేదు. "ఒక రకంగా వాళ్ళ మంచికే. ఈ వయసులో మళ్ళీ మొదలుపెట్టి ఏం చేస్తారు చెప్పండి. పిల్లలు లేని ఇంట్లో ఎవరి కోసం? గౌరవంగా ఎలా విరమించుకోవచ్చో మీరే వివరించండి. మీరు చెబితే వింటారు."

ఆఖరి మాట ఆమె ఇంతకుముందొకసారి విన్నదే.

"పదండి, ఇద్దరం వెళ్దాం. మీరే చెప్పండి."

"నాకు క్లాసుంది మేడం."

ఆమె గిరుక్కున తిరిగి బయటికి వచ్చేసింది. వరండా తుడుస్తున్నావిడ బకెట్టు అడ్డంగా ఉంది. "కాస్త కళ్ళు తెరిచి పెట్టుకో" అని ఆమె ఆవిడ మీద అరిచింది. ఆవిడ బెదిరి బకెట్టు లాక్కుంది. నీళ్ళు చీర మీద ఒలికాయి. క్షమించమని అడగడానికి ఆగితే ఏడుపు వస్తుందేమోనని ఆమె ఆగలేదు. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఇదే. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆమె కోపమంతా ఇలాగే దుత్తల మీదే పగిలింది. మీసాల రైతుల మీద, బండి తలుపు మీద, కట్టుకున్నవాడి మీద.

ఆయన సిటీ బస్సు నడుపుతాడు. మధ్యాహ్నం డిపోలో ఆగినప్పుడు ఫోను చేస్తాడు. ఇవాళా చేశాడు.

"తిన్నావా?"

"తినలేదు. తినను. పెట్టేయ్."

"కోపానికి విడిగా జీతమేమైనా ఇస్తున్నారా మీ ఆఫీసులో?" అన్నాడు ఎప్పటిలాగే.

మామూలుగా అయితే ఆమె నవ్వేది. ఇవాళ ఫోను పక్క సీటు మీదికి విసిరేసింది. పిల్లలు లేని ఇంట్లో ఎవరి కోసం అని మేనేజరు అన్నప్పుడు, ఎదురుగా నిలబడ్డ మనిషికీ పిల్లలు లేరని ఆ అబ్బాయికి గుర్తులేదు. గుర్తుండి అని ఉంటే కొట్టి ఉండేది. గుర్తులేకపోవడం ఇంకా పెద్ద దెబ్బ. పెళ్ళయిన కొత్తలో, డాక్టర్లంతా పెదవి విరిచాక, అత్తగారు వీధిలో నిలబడి చెప్పేది: "గొడ్ల వెంట తిరిగి తిరిగి మా కోడలు గొడ్రాలయింది." ఆ మాటకు నవ్వని వాళ్ళు లేరు. ఆ మాట పడలేకే ఆయన తల్లిని వదిలి ఆమెతో వేరే ఇంటికి వచ్చాడు. ఇప్పుడా మాటనే కాస్త మర్యాదగా, నిబంధన అని పేరు పెట్టి, గుట్ట పక్క ఇంటికి మోసుకెళ్ళాలి.

కొట్టం ముందు దళారి లారీ ఆగి ఉంది. కోడెదూడను కొనడానికి వచ్చాడు. అక్క గుమ్మంలో నిలబడి ఉంది. ఏళ్ళ తరబడి పాల బకెట్లు మోసి ఒక భుజం కిందికి జారిన మనిషి. చెల్లెలు దూడ చెవి నిమురుతూ, మనుషులతో మాట్లాడే గొంతుతోనే దానికి బుద్ధులు చెబుతోంది.

సలహాదారు బూట్లు ముంచుకుని లోపలికి నడిచింది. దారి పొడుగునా మెత్తటి మాటలు కూర్చుకుంది. ఒక్కటీ నోట రాలేదు.

"ఇవ్వరట పెద్దక్కా."

"ఎందుకట?"

"మీ తర్వాత కొట్టం నడిపేవాళ్ళు లేరట."

చెల్లెలు పకపకా నవ్వింది. "అంటే నేనిప్పుడు పెళ్ళి చేసుకోవాలా? సంబంధం కూడా మీ ఆఫీసువాళ్ళే చూస్తారా?" ఎవరూ నవ్వకపోయేసరికి ఆ నవ్వు సగంలో ఆగిపోయింది.

అక్క చేతులు చీరకు తుడుచుకుంది. "మా పాలు తాగేవాళ్ళు ఎవరి పిల్లలని మేమెప్పుడైనా అడిగామా?"

"నేనూరుకోను. పైవాళ్ళ దగ్గరికి వెళ్తా. నలుగురిలో పెడతా. కొన్నాళ్ళు ఆగండి."

"వెళ్ళు. వద్దనను. కాగితం కదిలేదాకా ఆవు మేత మానదు అమ్మాయ్." ఆమె కొట్టం లోపలికి చూసింది. "ఐదింటి పాలకు పాలబండి మలుపు తిరగనంటోంది. ఉన్నవి ఐదు, ఖర్చు మాత్రం నిండు కొట్టానిదే. సాయం వస్తుందనే ఇన్నాళ్ళు ఈడ్చాం." తర్వాత దళారి వైపు తిరిగి, బజారులో ఉల్లిపాయలు అడిగినంత మామూలుగా, "దూడొక్కటే కాదు. అన్నీ ఎక్కించు" అంది.

చెల్లెలు అక్క మొహం వైపు చూసింది. అక్క ఆమె వైపు చూడలేదు.

సలహాదారు రెండడుగులు ముందుకు వేసింది. "మీకు కోపం రావడం లేదా పెద్దక్కా?"

"వచ్చింది. నువ్వు మాటిచ్చిన రోజే వచ్చింది. నీ మొహం చూసి మింగాను. ఇప్పుడు కక్కి ఎవరి మీద పోయను? నీ మీదా?"

"పొయ్యండి."

"నువ్వెవరివి అమ్మాయ్? గొట్టానివి. అటునుంచి వాళ్ళు ఊదితే ఇటు మాకు వినబడుతుంది."

తిట్టి ఉంటే బాగుండేది. అక్క ఆ మాట జాలిగానే అంది.

దళారి లారీ వెనక తలుపు దించి చెక్క వాలు వేశాడు. దూడ, దాని వెనక నాలుగు ఆవులు డెక్కల చప్పుడుతో ఎక్కాయి. ముసలి ఆవు వాలు మొదట్లోనే ఆగిపోయి తల అడ్డంగా ఊపింది. దళారి కర్ర ఎత్తాడు. "కర్ర దింపు" అంది సలహాదారు. ఆ గొంతు విని అతను నిజంగానే దింపేశాడు. అక్క మోకాలు పట్టుకుని ముందు తను వాలు ఎక్కింది. ఆవు ఆమె వీపు వాసన చూసుకుంటూ వెనకే ఎక్కింది. లోపల అక్క దాని మెడ కింద చేయి వేసి కాసేపు నిలబడింది. దిగేటప్పుడు చెల్లెలు చేయి అందించింది.

"అన్నీ పాడికే ఇస్తాను, కోతకు కాదు" అన్నాడు దళారి, ఎవరూ అడగకుండానే. లారీ మలుపు తిరిగేదాకా ఒక ఆవు అరుస్తూనే ఉంది.

దుమ్ము అణగకముందే మేనేజరు ఫోను చేశాడు.

"చెప్పారా మేడం? ఎలా తీసుకున్నారు?"

"ఆవుల్ని అమ్మేశారు. ఇప్పుడే లారీ వెళ్ళింది."

"పోనీలెండి. సాఫీగా అయిపోయింది."

"బాబూ" అందామె. అతన్ని సార్ అని కాకుండా పిలవడం అదే మొదలు. "నీ బండి తాళం రేపు పొద్దున నీ బల్ల మీద ఉంటుంది. నీ మాటలు మోయడానికి ఇంకో గొట్టాన్ని చూసుకో."

"మేడం, ఆవేశపడకండి..."

"ఇన్నేళ్ళూ పడకపోబట్టే ఇలా తగలడింది. ఈసారి నీ క్లాసుకు మేం ముగ్గురం వస్తాం. ముందు వరసలో కూర్చుంటాం. ముగ్గురికీ పిల్లల్లేరు. నీ వారసుల మాట మా మొహాలు చూసి, మైకులో చెప్పు."

ఈసారి ఆమె ఫోను విసరలేదు, జేబులో పెట్టుకుంది. అక్క అంతా వింది. గోడ పట్టుకుని ఇంట్లోకి నడుస్తూ, గుమ్మం దగ్గర ఆగి, "ఈ అమ్మాయి పొద్దుట్నుంచి తినలేదేమో, దానికీ నాలుగు మెతుకులు పెట్టు" అని చెల్లెలికి చెప్పింది.

చెల్లెలు ఆ మాట వినే స్థితిలో లేదు. ఎప్పటిలాగే సాయంత్రం పాలు పితికే వేళకు కొట్టం ఊడవాలని చీపురు పట్టుకుని లోపలికి వెళ్ళింది. సలహాదారు వెనకే వెళ్ళింది. ఆవుల్ని కట్టే ఖాళీ గాళ్ళలో చెల్లెలు ఊడుస్తూనే ఉంది, పేర్లు పెట్టి పిలుస్తూ, పక్కకు జరగమంటూ. ఆమె మెల్లగా ఆ చేతిలోంచి చీపురు తీసుకుంది. చెల్లెలు కింద గడ్డి మీద కూలబడి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. తొట్టిలో సగం తిన్న మేత మీద ఈగలు ముసురుతున్నాయి.

మధ్య గుంజకు తాడుతో కట్టి ఆవులు నాకడానికి వేలాడదీసిన ఉప్పు ఇటుక ఉంది. కొన్నప్పుడు పలకలు తేలి, మూలలు కోసుగా ఉండి ఉంటుంది. నాకగా నాకగా అది ఒక పక్క దోసిలిలా గుంటపడి, ఏటి రాయికన్నా నునుపు తేలింది. ఆ గుంటలో తడి ఇంకా ఆరలేదు.