ఎడమ దవడ

తెల్లవారితే ఎస్తేరమ్మకు ఆపరేషన్. దవడ ఎముక తీసేస్తారు. వక్కాకుతో పాటు బుగ్గన పెట్టుకున్న పొగాకు చివరికి పుండై కూర్చుంది. ఆపరేషన్ తర్వాత ముఖం ఇలా ఉండదని డాక్టరు ముందే చెప్పేశాడు. అప్పటి నుంచి కూతురు నిస్సీకి ఒకటే పిచ్చి పట్టుకుంది. ఈలోగా అమ్మ ముఖాన్ని ఒక్కటంటే ఒక్క ఫోటో తీసి పెట్టుకోవాలి.

ఫోటోలు తీయడమే నిస్సీ బతుకుతెరువు. నగరి ఊళ్లో కొట్లవాళ్లకు చీరల ఫోటోలు తీసిస్తుంది. చీర సిగ్గుపడదు, ఎదురు చెప్పదు. ఎదురుగా మనిషి నిలబడితే మాత్రం మహాతల్లికి చేతులు వణుకుతాయి. పొద్దుటి నుంచి "కొంచెం నవ్వమ్మా" అంటూ తిరుపతి ఆసుపత్రిలో మంచం చుట్టూ తిరిగింది. కెమెరా ఎత్తినప్పుడల్లా ఎస్తేరమ్మ కొంగు అడ్డం పెట్టుకుంది.

"నా పాడు మొగం నీకెందుకు మే? ఆడ పెట్టు దాన్ని" అని గోడవైపు తిరిగి పడుకుంది.

ఇక దారి లేక నిస్సీ, అదే ఊళ్లో ఉన్న ఫోటోగ్రాఫర్ రాజారత్నం స్టూడియోకు పరుగెత్తింది. ఆయన తీసిన మనుషుల ఫోటోలను పేపర్లోంచి కత్తిరించి బైబిల్లో దాచుకున్న పిల్ల ఇది. ఆ గడప తొక్కే ధైర్యం మాత్రం ఇన్నాళ్లూ చాలలేదు.

"సార్, మీరొచ్చి మా అమ్మను ఒక్క ఫోటో తీయండి సార్. నాచేత కాలా. రేపటికి ఆ మొగం ఉండదు" అంటూ వెక్కివెక్కి ఏడ్చింది.

సంగతంతా విని పెద్దాయన లెన్సు తుడుస్తున్న గుడ్డ పక్కన పెట్టాడు. "ఏ పక్క దవడ పాపా?"

"కుడి... కాదు సార్, ఎడమ... ఎడమే అనుకుంటా." నెలల తరబడి గంజి తాగించింది, బస్సుల్లో పడి తిప్పింది. కొంగు పక్కకు జరిగిందంటే చాలు, తను కళ్లు తిప్పేసుకునేది.

"కన్నబిడ్డే సూడని మొగాన్ని కొత్తోడికి సూపిస్తాదా? నువ్వు కెమెరా ఎనకాల దాక్కుంటా ఉండావు. దాన్ని ఒళ్లో పెట్టుకోని ముందు సూడు. ఆయమ్మ నిన్ను జూసినాక తియ్యి."

"మీరు రారా సార్?"

"రాను. ఎలుతురు ఇంకా ఉండాది, పో."

నిస్సీకి ఒళ్లు మండిపోయింది. దేవుడనుకున్న మనిషి ఇలా గెంటేస్తాడా? తిట్టుకుంటూనే వెనక్కి వచ్చి, గోడకూ మంచానికీ మధ్య ఇరుక్కుని కూర్చుంది.

"ఏం సూస్తాండావు?" అంది ఎస్తేరమ్మ.

"నీ పుండు."

కొంగు చాటు నుంచి కనబడుతున్నది ఎడమ దవడే. ఉబ్బి, చర్మం నిగనిగలాడుతూ, పెదవిని పక్కకు లాగేసింది. నిస్సీకి లేచి పారిపోవాలనిపించింది. అయినా చూపు తిప్పుకోలేదు.

"బయంగా ఉండాదా?"

"ఉండాదమ్మా."

"నాకూ అంతే మే." ఎస్తేరమ్మ వాచిన చోట వేలు పెట్టింది. "సిన్నప్పుడు ఈడనే ముద్దు పెట్టేదానివి." కొంగు పూర్తిగా జారింది. సర్దుకోలేదు. కూతురి కళ్లలోకే చూసింది. నిస్సీ వణికే చేతులతోనే కెమెరా ఎత్తింది.

ఆపరేషన్ అయ్యాక కట్లు విప్పిన రోజున, వార్డులో అందరూ తలలు తిప్పుకున్నారు. ఎస్తేరమ్మకు మాట రాదు. సగం పోయిన ముఖంతో నిస్సీ కోసం వెతికింది. కనబడగానే, పిడికిలి కంటి దగ్గర పెట్టుకుని, నొక్కమన్నట్టు వేలు ఆడించింది.

నిస్సీ ముందు కళ్లారా చూసింది. తర్వాతే కెమెరా ఎత్తింది.